కార్డోడు పంటకి ఆగడు

సెప్టెంబరు 22, సోమవారం

రేపటి నుంచి ఫోన్లో దసరా సేలు. నేను ఏమీ కొనను. రాసి పెడుతున్నాను, ఏమీ కొనను.

ఎందుకు కొనకూడదో కూడా రాసుకుంటాను, సేలు మొదలైతే నాకు మతిమరుపు వస్తుంది కాబట్టి. బావకి, అంటే మా ఆయనకి, సొంత బండి కావాలి. పద్నాలుగేళ్ళుగా సాలూరులో ఎవరెవరివో లారీలు నడుపుతూ రాయపూర్ ఘాటీ రోడ్లు తిరుగుతున్నాడు. జీతం కాగితం లేని డ్రైవరుకి లోను ఇచ్చేవాడు ఎవడూ లేడు. నాకు కాగితం ఉంది. ఆసుపత్రి బిల్లు కౌంటరులో పంతొమ్మిది వేలు. అందుకని కిందటేడు సాలూరు లారీ ఆఫీసులో లోన్ల పని చూసే తిరుమలరావు గారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మా, నువ్వొక క్రెడిట్ కార్డు తీసుకో. కొద్దిగా వాడు, గడువులోపల మొత్తం కట్టీ. సగం కాదు, మొత్తం. ఏడాది అలగ కడితే నీ పేరు బాగుంటాది. అప్పుడు బండికి ఫైలు నాను పెడతాను."

పదకొండు బిల్లులు కట్టాను. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. ఇంకొక్కటి, అక్టోబరుది. అది కడితే ఏడాది నిండుతుంది.

ఒక్కటే కదా.

సెప్టెంబరు 23, మంగళవారం

పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే పక్కింటి బుల్లమ్మ పిన్ని గోడ మీంచి పిలిచింది. "ఒలే యమునా, నీ కార్డుతో గ్రైండరు కొంటే పది శాతం తగ్గుతాదట గదా. ఆ పది శాతం ఎవులికీ నేకుండా పోతాదేటే?"

నిజమే కదా అనిపించింది. నాది కాని డబ్బు, నాది కాని గ్రైండరు. నేను కొంటున్నట్టు కాదు, కొనిపెడుతున్నట్టు. నాలుగు వేల రెండు వందలు.

అది విని ఎదురింటి ఆటో గోపి వచ్చాడు. వాడికి ఫోను. పదమూడు వేల అయిదు వందలు. "ఇచ్చెత్తాను వదినా" అన్నాడు. తర్వాత అత్త. మా అత్త జగ్గమ్మ కార్డుని ఇంతవరకు చేత్తో ముట్టుకోలేదు. ఈరోజు అడిగి మరీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "సిరిమాను జాతరకి రేఖ వస్తాది. పెళ్ళైన కాడ్నించీ దానికి ఏటిచ్చినాం? టీవీ ఒకటి కొను. డబ్బులు నానిచ్చెత్తాను." రేఖ అత్త కూతురు, నా ఆడపడుచు. టీవీ పదిహేడు వేల ఎనిమిది వందలు.

ఎప్పుడిస్తావత్తా అని అడగలేదు. అత్తని అడిగే నోరు నాకు లేదు. ఉన్న నోరంతా ఈ డైరీలోనే.

బావకి షర్టులు, పాపకి గౌన్లు, రెండు వేల తొమ్మిది వందలు. ఇవి లెక్కలోకి రావు, పండగకి ఎలాగూ కొనేవే.

సెప్టెంబరు 24

ఇంకొకటి కొన్నాను. దాని సంగతి ఇక్కడ రాయను.

సెప్టెంబరు 25, గురువారం

బిల్లు వచ్చింది. నలభై నాలుగు వేల ఎనిమిది వందలు. గడువు అక్టోబరు 14.

తిరుమలరావు గారు ఇంకో మాట కూడా చెప్పారు. నీ బిల్లు ఇరవై అయిదున తయారవుతాది, పెద్దది ఏదైనా కొనాలంటే ఇరవయ్యారున కొను, కట్టడానికి నెలన్నర దొరుకుతాది అని. రెండు మూడు రోజులు ఆగి ఉంటే ఇదంతా నవంబరు బిల్లులో పడేది. ఆ మాట నాకు అన్నీ కొనేశాక, ఆటో దిగుతుంటే గుర్తొచ్చింది. నా మతిమరుపు గురించి ముందే రాశాను.

సెప్టెంబరు 29, సోమవారం

బుల్లమ్మ పిన్ని నాలుగు వేల రెండు వందలూ లెక్కపెట్టి ఇచ్చింది. గోపి అయిదు వేలు ఇచ్చి, "మిగతాది సూసుకుని ఇస్తాను వదినా" అన్నాడు. రెండూ కలిపి బీరువాలో విడిగా ఒక కవరులో పెట్టాను. కవరు మీద "కార్డుది" అని రాశాను. ముట్టుకోను.

సెప్టెంబరు 30

బియ్యం బస్తా, నూనె డబ్బా, చుట్టాలకి రెండు చాపలు. కవరులోంచే తీశాను. రేపు జీతం రాగానే మళ్ళీ పెట్టేస్తాను.

అక్టోబరు 1, బుధవారం

జీతం వచ్చింది. పాప బడి ఫీజు ఎనిమిది వేలు పోయింది. కవరులో పెట్టడం కుదరలేదు.

అక్టోబరు 2, దసరా

గోపి ఆటోకి పూలదండ వేసి, నిమ్మకాయలు తొక్కించి వీధంతా హారను కొట్టాడు. అత్త కత్తిపీట, పొత్రం, బావ పాత స్టీరింగు కవరు అన్నీ పీట మీద పెట్టి పసుపు కుంకుమ పెట్టింది. పెట్టి నా వైపు తిరిగి, "నీ కార్డు తే" అంది.

"అదెందుకత్తా?"

"ఈ ఏడు మనింట్లో పని సేసిన ఆయుధం అదే గదే."

బంగారం రంగు చిప్పు పక్కనే కుంకుమ బొట్టు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్టోబరు 7, మంగళవారం, సిరిమాను

నిన్న తొలేళ్ళ ఉత్సవం నుంచి ఇంట్లో పదకొండుమంది. మేడ మీద కొందరు, వంటింట్లో కొందరు. శృంగవరపుకోట నుంచి అత్త పుట్టింటివాళ్ళు, నెల్లిమర్ల నుంచి రేఖ, వాళ్ళాయన. మూడు పూటలా పొయ్యి ఆరలేదు. పూజారిని కొసన కూర్చోబెట్టి ఊరేగిస్తున్న సిరిమానుకి జనంలో నిలబడి అరటిపండు విసిరాను. ఏం కోరుకున్నానో అమ్మవారికి తెలుసు. గడువు తేదీ కూడా చెప్పాను.

నెమలిపింఛం రంగు పట్టుచీర కట్టుకున్నాను. 24న రాయనన్నది ఇదే. రేఖ కొంగు పట్టుకుని చూసి ఎంత వదినా అని అడిగింది. పద్దెనిమిది వందలు అన్నాను. ఆరు వేల నాలుగు వందలు. ఎందుకు అబద్ధం ఆడానో తెలియదు. తెలుసు. ప్రతి ఏడూ రేఖ కొత్త పట్టుచీరతో వస్తుంది, నేను వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వస్తాను. ఈ ఒక్క ఏడు నన్ను చూసి నలుగురూ ఆగాలనిపించింది. ఆగారు కూడా. రెండు నిమిషాలు చాలా బాగుంది.

సాయంత్రం టీవీని గోపి ఆటోలో నెల్లిమర్ల పంపించాం. వాడు కిరాయి తీసుకోలేదు. మంచివాడు. ఎనిమిది వేల అయిదు వందలు ఇవ్వాలి.

అక్టోబరు 8

చుట్టాలు వెళ్ళిపోయారు. ఇల్లు ఖాళీ. కవరూ ఖాళీ.

అక్టోబరు 9, గురువారం

నా ఖాతాలో ఏడు వేల మూడు వందలు ఉన్నాయి. కట్టాల్సింది నలభై నాలుగు వేల ఎనిమిది వందలు.

ఇంతలో ఫోనుకి మెసేజి. కనీసం కట్టవలసిన మొత్తం రెండు వేల రెండు వందల నలభై. చూడగానే ప్రాణం లేచి వచ్చింది. వాళ్ళే చెబుతున్నారు కదా, ఇంత కడితే చాలని. తప్పయితే వాళ్ళెందుకు రాస్తారు? మిగతాది నెమ్మదిగా కట్టుకోవచ్చు. సగం కాదు మొత్తం అని తిరుమలరావు గారు అన్నారు గానీ, ఆయన పాతకాలం మనిషి.

టీ పెట్టుకుని మళ్ళీ చదివాను. కింద చిన్న అక్షరాల్లో వడ్డీ సంగతి ఉంది. నూటికి నెలకి మూడున్నర. రోజూ ఆసుపత్రిలో జనం చేత చిన్న అక్షరాల కింద సంతకాలు పెట్టించేది నేనే. నా బిల్లు దగ్గరికి వచ్చేసరికి చదువు రాని దానిలా కూర్చున్నాను.

అక్టోబరు 10

గోపిని అడిగాను. "శుక్రవారం పూట లక్ష్మిని బయటికి పంపమంటావేటి వదినా?" అన్నాడు. తిరిగి వచ్చాను. మా ఇంట్లోనూ అదే పట్టింపు. మంగళవారం, శుక్రవారం, దీపం పెట్టాక ఏ రోజైనా సరే, పైసా గడప దాటకూడదు. గడువు తేదీ మంగళవారమే. ఫోన్లోంచి పంపితే ఏముంది అని ఒకసారి అంటే, "ఫోను ఇంట్లో ఉన్నాదా, వీధిలో ఉన్నాదా?" అని అడిగింది అత్త.

అక్టోబరు 11, శనివారం

బావ సాలూరు నుంచి ఫోను చేశాడు. బండి దొరికిందట. మూడేళ్ళ వాడకం, చిన్న గూడ్సు బండి, ఒక్క చేతి మీద నడిచింది. "తలుపేస్తే ఎలగ పడుతున్నాదనుకున్నావే! టప్ మని!" అన్నాడు. నలభై రెండేళ్ళ మనిషి ఫోన్లో తలుపు శబ్దం చేసి వినిపించాడు. పదహారో తారీకున తిరుమలరావు గారు నా రికార్డు తీసి ఫైలు పెడతారట.

"కార్డు కట్టేసేవా?"

"ఆ" అన్నాను.

అక్టోబరు 12, ఆదివారం

అన్నం తింటూ అత్త కంచం తోసేసింది. "ఏటే, మూడ్రోజుల్నించీ కూర్లో ఉప్పు నేదు. ఏటైనాది నీకు?"

ఏడుపు వచ్చేసింది. ఏడుస్తూనే అడిగేశాను. "అత్తా, టీవీ డబ్బులు ఎప్పుడిస్తావు?"

"పంటకి. కౌలు గింజలు అమ్మగానే ఇచ్చెత్తాను. ఎగ్గొడతాననుకున్నావేటి?"

"కార్డుకి ఎల్లుండి కట్టాలత్తా."

"ఎల్లుండా?" అత్త నిజంగా బిత్తరపోయింది. "అదేటి, కొట్లో ఖాతా రాసినట్టు కాదా? మా నాయన ఎరువు కొన్నా, నా పెళ్ళి బట్టలు కొన్నా పంటకే కట్టీవోడు. కోటలో షావుకారు ఆగీవోడు. మరి కార్డోడు ఆగడేటి?"

"ఆగడు."

"ఆగనోడు పండగ ముందు అంతేసి సరుకు ఎందుకిచ్చినాడే?"

"కట్టలేకపోతే వడ్డీ వేసుకుందామని. నూటికి నెలకి మూడున్నర."

"ఓలమ్మో! షావుకారే రెండు దాటీవోడు కాదు!"

అప్పుడు తెలిసింది నాకు. అత్త ఒక్కతే కాదు, గోపీ అంతే. వీధి మొత్తానికి నా కార్డంటే శృంగవరపుకోట షావుకారు ఖాతా పుస్తకం. రాసుకుంటే రాసుకున్నాడు, చేతికి వచ్చినప్పుడు ఇస్తాం. వాళ్ళు మోసం చేయలేదు. నేను చెప్పలేదు. రోజుకి నూరుమందికి గడువు తేదీలు చెప్పే నేను, నా వీధిలో ఒక్కరికీ తేదీ చెప్పలేదు. పది శాతం తగ్గింపు ఇప్పించే యమున అనిపించుకోవడం బాగుండి, డబ్బు అడిగే యమున అనిపించుకోవడానికి సిగ్గేసింది. అంతే.

చీర సంగతి కూడా చెప్పేశాను. బండి సంగతి, బావతో ఆడిన అబద్ధం, అన్నీ. అత్త తోసేసిన కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

"ఆరువేల నాలుగొందలా?" అంది. "ఆ రంగు నీకు నప్పనేదే."

కూరలో ఉప్పు వేసుకుని ఇద్దరం తిన్నాం. తల మీంచి బరువు సగం దిగింది. డబ్బు ఒక్క రూపాయి పెరగలేదు, అయినా దిగింది.

అక్టోబరు 13, సోమవారం

ఈ రోజు మొత్తం రాస్తాను. తలుచుకుంటే నవ్వు వస్తోంది.

తెల్లారేసరికి అత్త తవుడు డబ్బా నా ముందు పెట్టి కూర్చుంది. అడుగున ప్లాస్టిక్ సంచిలో నోట్లు, అన్నీ పింఛను డబ్బులు. పదిహేడు వేల ఎనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చింది. డబ్బాలో ఇంకేమీ మిగల్లేదు.

"ఇదెందుకు దాచావత్తా?"

"నా దినానికి. ఎవులి మీదా పడకూడదని. తీసుకో, ఇప్పుడప్పుడే సావన్నే."

నేను ఏడవబోతుంటే కసిరి, కొంగు దోపుకుని ఎదురింటికి బయల్దేరింది. గోపి వాళ్ళమ్మ గున్నమ్మ వాకిలి ఊడుస్తోంది. అత్త గొంతు వీధి చివరికి వినిపించింది.

"ఒలే గున్నా, నీ కొడుకు సెవికాడ ఎట్టుకు తిరుగుతున్న ఫోను ఎవుల్దే?"

"గోపీదే. ఏటి?"

"కాదు. సగం పైన కార్డోడిది. ఆడు పంటకి ఆగడంట, మా యమున మెడ మీద కూకున్నాడు. రేపు మంగళవారం. రేపు నాను అడగను, నువ్వియ్యవు. అంచేత ఈవేళే ఇయ్యాలి, అదీ దీపాలెట్టకముందే."

గోపి లుంగీ సర్దుకుంటూ పరుగున వచ్చాడు. "నెలనెలా కొంచెం ఇద్దామనుకున్నాను వదినా. ఇలగని ఒక్క మాట సెప్పొచ్చు గదా!" సిరిమాను రోజుల్లో తిప్పిన డబ్బు ఆటో టైర్లకని దాచాడట. ఎనిమిది వేల అయిదు వందలు, ఆ ఫోన్లోంచే పంపించాడు. పాత టైర్లు ఇంకో నెల వస్తాయన్నాడు. వాడి మొహం చూడలేకపోయాను.

బస్సులో కూర్చుని బావకి ఫోను చేసి అంతా చెప్పేశాను. అవతల లారీల హారన్లు మోగుతున్నాయి.

"ముందే సెప్పొచ్చు గదే. తిడతాననుకున్నావా?"

"అవును."

"తిడతాను. డబ్బులు పంపేక తిడతాను." లారీ ట్రిప్పుల మీద వచ్చిన బత్తా డబ్బులు ఆరు వేలు పంపించాడు. సాయంత్రం దాకా చూశాను, తిట్టడానికి ఫోను రాలేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి బ్యాంకుకి వెళ్ళాను. అత్త నోట్లకి తవుడు అంటుకుని ఉంది. కౌంటరు అమ్మాయి వాటిని మిషనులో పెట్టకుండా చేత్తో లెక్కపెట్టి, తుమ్మి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అన్నీ కలిపితే ముప్పై తొమ్మిది వేల ఆరు వందలు. ఇంకా అయిదు వేల రెండు వందలు కావాలి.

ఆసుపత్రి మెట్లెక్కుతుంటే రేఖ ఫోను. "వదినా, ఆ పద్దెనిమిది వందల సీర మా తోటికోడలికి కూడా నచ్చింది. నాకొకటి, దానికొకటి నీ కార్డు మీద తెప్పించు."

ఇదీ నా తిక్క కుదరడమంటే. మెట్ల మీదే కూలబడ్డాను. "రేఖా, అది ఆరు వేల నాలుగు వందలు. నీకు అబద్ధం చెప్పాను. ఆ డబ్బే ఇప్పుడు కట్టలేక చస్తున్నాను" అన్నాను. రేఖ నవ్విన నవ్వుకి ఫోను చెవి నుంచి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది.

"నన్ను సూసి అంత భయమా నీకు? నావన్నీ మా అత్త సీరలు వదినా, ఇస్త్రీ సేసి కట్టుకొస్తాను!" నవ్వు ఆగాక, "అయితే అది నాకిచ్చీ. అయిదు వేలిస్తాను. ఒకసారి కట్టిన సీర" అంది.

"అయిదున్నర."

"అయిదే."

అయిదు వేలూ అక్కడికక్కడే వచ్చాయి. ఇంకా కావాల్సింది రెండు వందలు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అయిదున్నర. అత్త గుమ్మంలో ప్రమిద పెట్టుకుని, అగ్గిపెట్టె చేత్తో పట్టుకుని కూర్చుంది. రెండు వందలు తక్కువన్నాను. బొడ్లోంచి మడత పెట్టిన రెండు వందల నోటు తీసింది. రేపటి పాలవాడిదట. బుల్లమ్మ పిన్ని ఆ నోటు తీసుకుని తన ఫోన్లోంచి నాకు పంపింది.

నలభై నాలుగు వేల ఎనిమిది వందలు కొట్టాను. రహస్య అంకెలు కొట్టాను. చక్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతూనే ఉంది. ఆగిపోయి, మళ్ళీ ప్రయత్నించండి అంది. డబ్బు పోలేదు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ చక్రం. వీధిలో ఒక్కొక్క ఇంటి ముందూ దీపం వెలుగుతోంది. గున్నమ్మ గారిల్లు, బుల్లమ్మ పిన్ని ఇల్లు. మా గుమ్మం ఒక్కటే మసకగా ఉంది.

"అత్తా, చీకటి పడుతోంది. దీపం పెట్టేయి. రేపు ఎలాగోలా..."

"పడనీ" అంది అత్త. పుల్ల తీసి పెట్టె అంచున ఆనించి పట్టుకుంది గానీ గీయలేదు. "దీపం ఎట్టీదాకా పొద్దే. నువ్వు కట్టు."

అత్తకి అరవై ఎనిమిదేళ్ళు, ఆవిడ దీపం వేళ తప్పించడం నేను ఎప్పుడూ చూడలేదు.

పచ్చ టిక్కు పడింది. చెల్లించవలసినది సున్నా. నేను "అయిపోయింది" అనే లోపే పుల్ల భగ్గుమంది.

అక్టోబరు 14

మంగళవారం. ఇంట్లోంచి పైసా బయటికి పోలేదు. పోవడానికి పైసా లేదు కూడా. ఎంత హాయిగా ఉందో.

అక్టోబరు 16, గురువారం

తిరుమలరావు గారు ఫోను చేశారు. "పన్నెండుకి పన్నెండూ మొత్తం కట్టేవమ్మా. ఒక్క మచ్చ కూడా నేదు, ఈవేళే బండికి ఫైలు పెట్టెత్తాను." ఆయనకి ఏమీ చెప్పలేదు. రికార్డులో తవుడు వాసన రాదు కదా.

అక్టోబరు 20, దీపావళి

మళ్ళీ సేలు. బుల్లమ్మ పిన్ని చెల్లెలు వచ్చింది, ఫ్రిజ్ కావాలట, పది శాతం తగ్గుతుందట. నేను నోరు విప్పేలోపే అత్త వంటింట్లోంచి కేకేసింది.

"ముందు డబ్బులు తెచ్చి యమున సేతిలో ఎట్టు. తరవాత ఇరవయ్యారున రా. మా కార్డోడు పంటకి ఆగడమ్మా!"

ఆవిడ అత్తని, నన్ను మార్చి మార్చి చూసి, ఆలోచించుకుని వస్తానని వెళ్ళిపోయింది. నాకు ఏమాత్రం మొహమాటం అనిపించలేదు. మతాబులు మూడు వందలకి తెచ్చాను, చేతి డబ్బుతో. అత్త తవుడు డబ్బాలో వచ్చే జీతం నుంచి నెలకి రెండేసి వేలు వేస్తానన్నాను. వద్దంది. వేస్తాను.

నవంబరు 3, కార్తీక సోమవారం

బావ సాలూరులో నాలుగింటికి బయల్దేరాడు. అయిదున్నరకి వీధంతా కార్తీక దీపాలు. మా గుమ్మంలో ప్రమిదలో నూనె పోసి ఉంది, వత్తి వేసి ఉంది, అత్త పీట మీద కూర్చుని ఉంది.

బుల్లమ్మ పిన్ని గోడ మీంచి అడిగింది. "ఏటే జగ్గమ్మా, ఇంకా దీపమెట్టనేదు?"

"ఎట్టీదాకా పొద్దే" అంది అత్త, వీధి మలుపు కేసి చూస్తూ.

ఆరున్నరకి మలుపులో రెండు లైట్లు కనబడ్డాయి. బావ హారను కొట్టుకుంటూ వచ్చి, గుమ్మానికి ఎదురుగా ఆపి, దిగి తలుపు వేశాడు. టప్ మని పడింది.

అత్త లేవలేదు. అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

"బండి నీ పేరున వచ్చినాది. నువ్వెలిగించు."